పదకొండు ఇళ్ల పొట్లాలు

చిత్తూరు నుంచి కాణిపాకం పోయే దారిలో ఉన్న ఆ వీధిలో మునిరత్నానికి రెండు సంగతుల్లో పేరుంది. ఒకటి బెల్లం పాకం. పొంగుతున్న పెనంలోంచి ఇంత పాకం తీసి నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి చూసి "దించండప్పా" అన్నాడంటే, ఆ బెల్లానికి మండీలో వంక పెట్టేవాడు పుట్టలేదు. రెండోది నోరు. అత్తాకోడళ్ల రచ్చయినా, పొలం గట్టు తగాదా అయినా, మునిరత్నం చెవిన వేస్తే బావిలో రాయి వేసినట్టే. మళ్లీ పైకి తేలేది లేదు. అందరూ మెచ్చుకునే ఆ నోరే చివరికి అతన్ని చావు గడప దాకా ఈడ్చుకుపోయింది.

ఇరవై ఏండ్లు చెరకు పిప్పి మంట దగ్గర నిలబడి పొగ మింగినవాడికి ఆయాసం రాకుండా ఎలా ఉంటుంది? వచ్చింది. నాలుగు అడుగులు వేస్తే నిలబడి గోడ పట్టుకోవడం, మాట మధ్యలో ఆగి గాలి పీల్చుకోవడం. సూదులు అయ్యాయి, సీసా మందులు అయ్యాయి. అప్పుడు ఎవరో చెప్పారు, సత్యవేడు దాటి తమిళనాడు పొలిమేర దగ్గర ఒక పల్లెలో మందు వరదయ్య ఉన్నాడని.

వరదయ్య ఇచ్చింది బూడిద రంగు పొడి. పాత పేపరులో మడిచిన ముప్పై పొట్లాలు. పరగడుపున వేడి నీళ్లతో రోజుకొకటి. మూడో రోజుకల్లా మునిరత్నం మళ్లీ పెనం దగ్గర నిలబడ్డాడు. అతని భార్య కుప్పమ్మ అయితే నమ్మలేక, మొగుడి వెనకాలే గానుగ దాకా నడిచిపోయి చూసి వచ్చింది.

మందు అన్నాక పథ్యం ఉంటుంది కదా. గుమ్మడికాయ కూడదు, వంకాయ కూడదు, ఎండుచేప కూడదు. వీటిని మించినది నోటి పథ్యం.

"వంకాయ తింటే ఒక పూట మందు పాడయితాది, అంతే" అన్నాడు వరదయ్య. "ఇంగ్లీషు డాక్టరు చెవిన వేసినావా, మందే సచ్చిపోతాది. నీ ఒక్కడిది గాదు, రేపు నీ చేతి మీదగా తినేవాళ్లందరిదీ. కాణిపాకంలో ప్రమాణం చేసి రా. అప్పుడిస్తా రెండో నెల మందు."

ఆ జిల్లాలో పుట్టినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పాల్సిన పని లేదు. కోర్టులో బోనెక్కి ఒకటికి పది అబద్ధాలు చెప్పి, మీసం తిప్పుకుంటూ ఇంటికి వచ్చే మొనగాడు కూడా కాణిపాకంలో ప్రమాణం అంటే ఆ పూట కడుపునొప్పి అని పడుకుంటాడు. మునిరత్నం తలకు పోసుకుని, తడిగుడ్డలతో స్వామి ఎదుట నిలబడి, ఈ మందు మాట ఏ డాక్టరుకూ చెప్పనని ప్రమాణం చేశాడు.

అతను బాగుపడ్డం వీధి చూస్తూ ఊరుకుంటుందా? మొదట మండీలో మూటలు మోసే ఓబయ్య వచ్చాడు, మోకాళ్లు పట్టుకుని. తరువాత మిద్దింటి నిర్మలమ్మ వచ్చింది, వేళ్లు కొంకర్లు పోయి గరిటె పట్టుకోలేక. అలా అలా పదకొండు ఇళ్లు అయ్యాయి; అందరికీ అదే నోటి పథ్యం, అదే ప్రమాణం. ప్రతి అమావాస్యకు మునిరత్నం మొదటి బస్సెక్కి తిరుపతి పోయి, అక్కడ సత్యవేడు బస్సు మారి, గుడ్డసంచి నిండా పొట్లాలు తెచ్చి ఇంటింటికీ పంచేవాడు. ఏడేండ్లు ఒక్క అమావాస్య తప్పలేదు.

ఈ ఏడేండ్లలో అతని మొహం గుండ్రంగా, నిగనిగలాడుతూ తయారయింది. "మొగం సూడు, పున్నమి చందురుడే" అని ఆడవాళ్లు కుప్పమ్మను ఆట పట్టించేవాళ్లు. చెయ్యి తలుపుకు తగిలితే చాలు నల్లగా కమిలిపోయేది. చర్మం ఉల్లిపొరలా పలచబడింది. చెరకు ఆకు కోసిన గీత కూడా నెల దాకా మానేది కాదు. ఒంట్లో నెత్తురు ఎక్కువైందిలే అనుకున్నారు. మంచి జరిగే చోట ఇట్లాంటివి ఎవరు పట్టించుకుంటారు?

తొంభై ఎనిమిదిలో, గానుగలు జోరుగా ఆడుతున్న మాఘమాసంలో, అతని కడుపు ఉబ్బింది. దొడ్డికి లేదు, గాలి కూడా పోలేదు. చిత్రమేమంటే నొప్పి కూడా పెద్దగా లేదు. అజీర్తి అనుకుని రెండు రోజులు వాము నమిలాడు. మూడో రోజు కడుపు మద్దెలలా బిగుసుకుని పచ్చగా వాంతి అయితే, చిత్తూరు డాక్టరు చెయ్యి పెట్టి చూసి, "ఈడ గాదు, తిరుపతికి తీసుకుపోండి, ఇప్పుడే" అన్నాడు.

తిరుపతి ఆసుపత్రిలో ఆపరేషను డాక్టరు పేరు చక్రధర్. సన్నగా, పొడుగ్గా, అడిగిందే మళ్లీ అడిగే మనిషి.

"పెద్దపేగు మెలిపడింది. మెలిపడ్డ చోట నెత్తురు ఆగి కుళ్లింటాది. కోసి తీసేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టాలి. ఏమన్నా మందులు వాడతా ఉండావా? ఆయాసానికి, నొప్పులకి? నాటు మందయినా సరే."

కుప్పమ్మ నోరు తెరిచింది. మునిరత్నం ఆమె చెయ్యి పట్టి గట్టిగా నొక్కాడు.

"ఏమీ లేదు సార్. కాఫీ గూడా తాగను."

"నిజంగా?"

"నిజంగానే సార్."

మూరెడు పేగు కోసి తీసేశారు. కుట్టు ఆరేడు దినాలు నిలబడితే గండం గడిచినట్టే అన్నారు. మొదటి రెండు రోజులు బాగానే ఉన్నాడు. మూడో రోజు పొద్దున ఉన్నట్టుండి మనిషి కూలిపోయాడు. బీపీ అందదు. చెయ్యి ఎత్తలేడు. మాట పెదాల దగ్గరే ఆగిపోతుంది. నెత్తురు పోయిందా అంటే లేదు, జ్వరమా అంటే లేదు. చక్రధర్ గ్లూకోజు మీద గ్లూకోజు ఎక్కించి, కాగితాలు తిరగేసి, మంచం చుట్టూ తిరిగాడు. "ఎందుకు పడిపోతా ఉండాడు ఈ మనిషి?" అని తనలో తానే అనుకున్నాడు. మునిరత్నం కండ్లు మూసుకుని ఆ మాట విన్నాడు.

ఆ మధ్యాహ్నం ఓబయ్య వచ్చాడు, బత్తాయిలు పట్టుకుని. మంచం మీదికి వంగి మొట్టమొదట అడిగిన మాట "ఎట్లుండావు" అని కాదు.

"సెప్పలేదు గదా, మామా?"

మునిరత్నం తల అడ్డంగా ఊపాడు.

"బతికించినావు. వీధిలో అందరికీ అదే గుబులు." ఓబయ్య అటూ ఇటూ చూసి, బత్తాయిల కింద నుంచి పొట్లాలు తీసి కుప్పమ్మ కొంగులో పడేశాడు. "మూడు దినాలుగా మందు లేదు గదక్కా, అందుకే పడిపోయినాడు. నాలిక మీద వెయ్యి. సాయంత్రానికి లేస్తాడు సూడు."

వాడన్నట్టే అయింది. కుప్పమ్మ చెంచాడు నీళ్లతో పొడి నాలిక మీద వేసింది. చీకటి పడేలోపల మునిరత్నం దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. చక్రధర్ తన గ్లూకోజు పని చేసిందనుకుని సంబరపడ్డాడు. కుప్పమ్మ సత్యవేడు ఏ దిక్కున ఉందో తెలియక నాలుగు దిక్కులకూ దండం పెట్టింది. ఆనాటి నుంచి రోజూ నర్సు అటు తిరగ్గానే ఒక పొట్లం.

ఆరో రోజు చలి జ్వరం వచ్చింది. కడుపులోంచి బయటికి పెట్టిన గొట్టంలో ఎర్రనీళ్లు రావలసిన చోట మురికి వచ్చింది. కుట్టు విడిపోయింది. మళ్లీ తీసుకుపోయారు, మళ్లీ కోశారు. ఈసారి పేగు కొసను కడుపు మీదికి తెచ్చి, దానికి ఒక సంచి తగిలించారు.

అప్పుడు మొదలైంది అసలు చెర. ముక్కులో ఒక గొట్టం, చేతికి ఒకటి, కడుపుకు ఒకటి, మూత్రానికి ఒకటి. గూటానికి కట్టిన దూడైనా తాడు పొడుగున అటూ ఇటూ తిరుగుతుంది. ఇతనికి పక్కకు ఒత్తిగిలే వీలు కూడా లేదు. పొట్ట మీద వెచ్చగా ఆ సంచి నిండడం తెలుస్తూనే ఉంటుంది. వాసన అందరికంటే ముందు తన ముక్కుకే వస్తుంది. చూడవచ్చినవాళ్లు కొంగు ఎప్పుడు అడ్డం పెట్టుకుంటారా అని వాళ్ల చేతుల వంకే చూసేవాడు. పొద్దునే నర్సు కట్టు విప్పి నడిమి గాయం కడిగేది. ఒకరోజు తల ఎత్తి చూశాడు. అది ఎర్రగా లేదు. కడిగిన చేప ముక్కలా తెల్లగా, తెరిచిన నోరులా ఉంది.

"పది దినాలకు మానాల్సిన గాయం పిసరంత గూడా పూడలేదు" అన్నాడు చక్రధర్. "ఈ ఒంట్లో ఏదో అడ్డం పడతా ఉండాది. మొగం ఇట్ల గుండ్రంగా, తోలు ఇట్ల పలచగా... మునిరత్నం, మళ్లీ అడుగుతా ఉండా. ఏం వాడినావు?"

మునిరత్నం కిటికీ వైపు చూశాడు. అక్కడ నిర్మలమ్మ నిలబడి ఉంది, పట్టుచీర కొంగు నిండుగా కప్పుకుని. ఆ రోజే బస్సులో వచ్చింది.

"ఏమీ లేదు సార్."

డాక్టరు వెళ్లాక ఆమె వచ్చి స్టూలు మీద కూర్చుంది. నోరున్న మనిషి, వీధిలో ఆమె గొంతుకు కుక్కలు కూడా దారి ఇస్తాయి. అలాంటిది ఆ రోజు గొంతు లేపలేదు. కుడిచెయ్యి అతని ముందు చాపి, వేళ్లు మూసి తెరిచి చూపించింది.

"ఈ చేతికి మళ్లా గరిటె ఇచ్చినోడివి నువ్వే నాయనా. మళ్లా లాక్కోవద్దు."

ఆ తరువాత చాలా రోజులు అతనికి ఆ చెయ్యే కనబడింది. చెప్తే స్వామికి ఇచ్చిన మాట పోతుంది. పదకొండు ఇళ్లలో మందు చస్తుంది. ఓబయ్య మూటలు ఎత్తలేడు, ఈమె గరిటె తిప్పలేదు. చెప్పకపోతే ఈ గాయం ఇట్లాగే నోరు తెరుచుకుని ఉంటుంది. పొడి మానేస్తే మనిషి కూలిపోతాడు, వేసుకుంటే లేచి కూర్చుంటాడు గానీ గాయం మానదు. ఎటు కదిలినా ఏదో ఒక గొట్టం లాగుతూనే ఉంటుంది.

ఇరవయ్యో రోజు చక్రధర్ కుప్పమ్మను వసారాలోకి పిలిచాడు.

"లోపల చీము చేరిందమ్మా. సోమవారం మళ్లీ తెరవాలి. తెరిచేది నా చేతిలో ఉండాది. మళ్లీ మూసుకునేది ఆయన ఒంట్లో ఉండాల. ఇదే ఒంటితో అయితే మనిషి దక్కుతాడని నేను చెప్పలేను."

కుప్పమ్మ చదువుకున్నది కాదు. కానీ ఇరవై ఏండ్లు బెల్లం వండే ఇంట్లో ఉన్నది. పాకం ముదరకపోతే మంట చూడాలి, రసం చూడాలి, ఏదో ఒకటి కారణం ఉంటుందని తెలుసు. లోపలికి వచ్చి మొగుడి మంచం పట్టె మీద కూర్చుంది.

"ఏమయ్యా, నన్నొకటి అడగనీ. ప్రమాణం తప్పితే ఏమయితాది?"

"స్వామి ఊరుకోడు."

"ఊరుకోకుండా ఏం జేస్తాడు?"

"ఏదో ఒక కీడు. రోగమో, రొష్టో."

"రోగమా?" కుప్పమ్మ గొంతు లేచింది. పక్క మంచం ముసలాయన ఇటు తిరిగాడు. "తప్పినోడికి గదా కడుపు కోసేది? నువ్వు తప్పకముందే రెండుసార్లు కోసినారే! మూరెడు పేగు తీసినారు, సంచి తగిలించినారు. మాట నిలబెట్టుకున్నోడికే ఇంత జేస్తే, ఇంక తప్పినోడికి చేసేదానికి ఏం మిగిలుండాది ఆ స్వామి దగ్గర?"

"అట్లనొద్దు, కుప్పీ."

"అంటా. ఆ స్వామి అబద్ధం చెప్పేవాళ్లను పట్టే దేవుడు. ఆ డాక్టరు ఎన్నిసార్లు అడిగినాడు? ఎన్నిసార్లు లేదన్నావు? నువ్వు చెప్పినన్ని అబద్ధాలు మన వీధిలో ఒక్కడన్నా చెప్పినాడా?"

ఇన్నాళ్లూ తాను మౌనంగా ఉన్నాననే అనుకున్నాడు మునిరత్నం. అబద్ధం చెప్తున్నానని ఒక్కసారి కూడా తోచలేదు. సంచి మీద చెయ్యి పెట్టుకుని పడుకున్నాడు. మర్నాడు పొద్దున చక్రధర్ వచ్చి కట్టు విప్పబోతే, ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, ఒక పొడి ఉండాది."

ఏడేండ్ల మాట. మొదలుపెడితే ఆగలేదు. పొట్లం, పథ్యం, ప్రమాణం, పదకొండు ఇళ్లు, నర్సు అటు తిరిగినప్పుడు నాలిక మీద వేసింది కూడా. చక్రధర్ స్టూలు లాక్కుని కూర్చుని అంతా విన్నాడు. తిడతాడనుకున్నారు. తిట్టలేదు.

"ఆకుపొడిలో ఇంగ్లీషు మాత్ర నూరి కలిపినట్టుండాది. స్టెరాయిడ్ అంటాము. పరీక్షకు పంపుతా. అది చెడ్డమందు గాదు మునిరత్నం, ఆయాసానికి మేమూ ఇస్తాము. వాపు తగ్గిస్తాది, నొప్పి తెలియనీదు. అందుకే పేగు కుళ్లినా నీకు నొప్పి తెలియలేదు. దాంతోబాటే గాయం మానే శక్తినీ, చీమును అడ్డుకునే శక్తినీ తగ్గిస్తాది. నీ కుట్టు విడిపోయిందానికి ఇంకా కారణాలు ఉండొచ్చు, ఇదొకటి."

"అట్లయితే మానేస్తా సార్. ఈపొద్దే."

"మానేసినప్పుడే గదా మూడో దినం పడిపోయినావు! ఒంట్లో సొంతంగా ఊరాల్సింది, ఏడేండ్లుగా బయటినుంచి వస్తా ఉంటే ఊరడం మానుకుంటాది. తటాలున ఆపితే మనిషి కూలిపోతాడు. ఇప్పుడు కొలత చూసి నేనిస్తా, కొంచెం కొంచెంగా తగ్గిస్తా. ముందే తెలిసుంటే మొదటిసారే కుట్టకుండా, పేగును బయటికి పెట్టిందునేమో." కాగితం మీద రాసుకుంటూ అన్నాడు, "వాడు ఎంత కలిపినాడో ఎవరికీ తెలియకపోవడం, నువ్వు తింటావని నాకు తెలియకపోవడం. చెడ్డదల్లా అదే."

పరీక్షకు పొడి కావాలన్నారు. ఓబయ్య ఇచ్చినవి అప్పటికే అయిపోవడంతో కుప్పమ్మ చిత్తూరు పోయి, అటక మీది డబ్బా దించి, ఎందుకని అడిగినవాళ్లకు ఉన్నమాట చెప్పింది. అంతే, గంటలో వీధి వీధంతా తెలిసింది. మునిరత్నం చెప్పేశాడు! ఏడేండ్లు బావిలో ఉన్న రాయి పైకి తేలింది! ఆడవాళ్లు కుప్పమ్మ మొహం మీదే తలుపులు వేసుకున్నారు. నిర్మలమ్మ తన పొట్లాలన్నీ తెచ్చి, కుప్పమ్మ చూస్తుండగానే కాలువలో కుమ్మరించింది. "సచ్చిన మందు ఇంట్లో ఎందుకు? పీనుగును దాచిపెట్టుకున్నట్టు!"

మర్నాడు ఆసుపత్రిలో కుప్పమ్మ ఈ సంగతంతా ఏడుస్తూ చెప్తుంటే, చక్రధర్ రాస్తున్న కలం ఆపాడు.

"కాలువలో పోసిందా? ఎప్పుడు?"

"నిన్న పొద్దున సార్."

మునిరత్నానికి ముందు అర్థమయింది. ఆ మూడో రోజు ఎలా ఉంటుందో లోపలినుంచి తెలిసినవాడు అక్కడ అతనొక్కడే. గొట్టాలన్నీ లాగుతున్నా మోచేతి మీద లేచాడు.

"కుప్పీ, మళ్లా బస్సెక్కు. ఎవరూ మానొద్దని చెప్పు. పారేసినోళ్లను ఈడికి తీసుకొని రా. తిట్టనీ, కొట్టనీ, వదలొద్దు."

ఇంతకాలం నోరు తెరవొద్దని ఇంటింటికీ చెప్పినవాడు, ఇప్పుడు ఇంటింటికీ మాట పంపాడు. కుప్పమ్మ పోయేసరికి నిర్మలమ్మ మంచం మీద వాంతులు చేసుకుంటూ, కండ్లు తేలేసి ఉంది. పిలిస్తే పలకలేదు. కారు మాట్లాడుకుని తిరుపతికి తెచ్చారు. బయలుదేరేటప్పుడు డాక్టరు రాసిచ్చిన చీటీ కుప్పమ్మ రవికెలో ఉండబట్టి, వచ్చీ రాగానే ఏ సూది వెయ్యాలో వెతుక్కోవలసిన పని లేకపోయింది. మర్నాటికి ఆమె లేచి కూర్చుని, ఆసుపత్రి ఇడ్లీ రాయిలా ఉందని నర్సుతో తగువు పెట్టుకుంది. దాన్నిబట్టి అందరూ గండం గడిచిందనుకున్నారు.

సోమవారం మునిరత్నాన్ని తెరిచి చీము తీశారు. దక్కాడు. ఆ తరువాత ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు, రవికెల్లో, రుమాళ్లలో పొట్లాలు దాచుకుని. వచ్చినవాళ్లు మునిరత్నం మంచం చుట్టూ మూగేవాళ్లు. అప్పుడు నోరు మూయించడానికి వచ్చారు, ఇప్పుడు తమ బదులు మాట్లాడమని వచ్చారు. ఎవరికి ఏ నొప్పి, ఎన్నేండ్లుగా తింటున్నారు, రోజుకు ఒకటా రెండా, అన్నీ అతనికి నోటి మీద ఉన్నాయి. పడుకున్నచోటి నుంచే డాక్టరుకు వరుసగా చెప్పేవాడు.

ఓబయ్య మాత్రం రాలేదు. తరువాతి అమావాస్యకు గుడ్డసంచి పట్టుకుని తానే సత్యవేడు బస్సెక్కాడు. వరదయ్య ఇంటికి తాళం వేసి ఉందట. ఎటు పోయాడో ఎవరూ చెప్పలేదట. తిరుగు బస్సులో తిరుపతిలో దిగి, మాసిన మొహంతో వార్డులోకి వచ్చాడు. మంచం పక్కన నిలబడి, జేబులోంచి ఒకే ఒక పొట్లం తీసి మునిరత్నం అరచేతిలో పెట్టాడు.

"ఇదొక్కటే మిగిలింది. నీ డాక్టరుకు సూపించుకుంటావో, ఏం జేసుకుంటావో. నేనైతే నోరు తెరవను, మామా. నేనూ చేసినా ప్రమాణం."

"సరే, నువ్వు తెరవొద్దు. ఊరికే నిలబడు" అన్నాడు మునిరత్నం.

అప్పుడే నర్సు వచ్చి కట్టు విప్పింది. మునిరత్నం ఆ పొట్లం పట్టుకునే తల ఎత్తి చూసుకున్నాడు. గాయం ఇంకా పెద్దదే. సంచి ఇంకా పొట్ట మీదే ఉంది. ఆరేడు నెలలు ఉంటుందని, అప్పుడు కూడా ఒళ్లు చూసుకుని గానీ పేగు మళ్లీ కలపలేమని చెప్పారు. అయితే గాయం అంచున, గోరంత మేర, ఎర్రటి కండ కనబడింది.

చక్రధర్ వార్డు తలుపు దగ్గర కనబడ్డాడు. ఓబయ్య రెండడుగులు వెనక్కి వేసి, పెదాలు బిగించి గోడకు ఆనుకున్నాడు.

"సార్, ఇట్ల రండి" అని పిలిచాడు మునిరత్నం. "ఈయన పేరు ఓబయ్య. మోకాళ్లు. ఆరేండ్లుగా, రోజుకు ఒకటి. ఇంక మిగిలింది ఇదొక్కటే."